చేదు మాత్రకి వాటాలు

“స్నానాల తొట్టిలోకి దిగి, మళ్ళీ ఎవరి సాయమూ లేకుండా బయటికి రాగలరా?”

కీళ్ళవాతం రోగుల్ని అడగడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నల్లో ఇదొకటి. మసాకా దారిలోని బుకయాగాలో దీన్ని అడిగితే ఒక ముసలావిడ డాక్టర్ స్కోవియా నమూసీసి వైపు జాలిగా చూసి, “బేసిన్‌లో మనిషి ఎలా పడతాడమ్మా? చదువుకున్నవాళ్ళు పడతారేమో” అంది. కారు తలుపు తీయగలరా అన్న ప్రశ్నకి “ఎవరి కారు?” అని ఎదురు ప్రశ్న వచ్చింది.

నమూసీసి ఆ రెండూ కొట్టేసి ఒకే ప్రశ్న పెట్టింది. పెద్దవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పలకరించి, చెయ్యి నేలకి ఆనించకుండా లేవగలరా? ఎంతసేపట్లో లేచారో తన చేతి గడియారం చూసి రాసుకునేది. ఈ బుగాండా ప్రాంతపు ఆడవాళ్ళని ఇంతకన్నా సూటిగా అడిగే ప్రశ్న లేదు. అత్తగారి ముందు మోకరిల్లని కోడలి గురించి ఊరంతా చెప్పుకుంటుంది. ఆమె స్నానం ఎలా చేసిందో ఎవరికీ పట్టదు. పరిశోధనలకి అనుమతులిచ్చే కమిటీ మాత్రం ససేమిరా అంది. వేరే దేశాల లెక్కలతో పోల్చడానికి కుదరదంది. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఏడాదిన్నర గడిచిపోయింది. చివరికి కొత్తది చేర్చుకోండి, పాతవి తీయకండి అన్నారు. అందుకే ఆమె పట్టికలో తొట్టి ఇప్పటికీ ఉంది. దాని ఎదురుగా ప్రతి రోగికీ “వర్తించదు” అని రాయడం నర్సు ఇమ్మాక్యులేట్ పని.

నమూసీసికి నలభై ఆరేళ్ళు. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ శక్తే దారి తప్పి సొంత కీళ్ళ మీద, చర్మం మీద, మూత్రపిండాల మీద పడే జబ్బులు ఆమె చదువు. దేశంలో ఆ చదువు చదివినవాళ్ళందరినీ ఒక టాక్సీ వ్యానులో కూర్చోబెట్టొచ్చని, అప్పుడు కూడా కండక్టర్ ఇంకా జనం కోసం అరుస్తూనే ఉంటాడని ఆమె అంటుంది. ఆసుపత్రిలో ఆమె గది తలుపు మీద ఏం రాసి ఉన్నా జనం నోట ఆమె ఎముకల డాక్టరే. కిరాయికి తిరిగే బోడా మోటార్‌సైకిళ్ళ మీంచి పడి కాలు విరిగినవాళ్ళని నేరుగా ఆమె గదికి మోసుకొస్తారు. ఎదురుగా ఉన్న మలేరియా విభాగానికి కొత్త జనరేటర్ వచ్చింది. ఎయిడ్స్ విభాగానికి కొత్త మేడ వచ్చింది. ఆమె రక్తపు నమూనాలు మాత్రం కరెంటు పోయినప్పుడల్లా మలేరియావాళ్ళ ఫ్రిజ్‌లో ఓ మూల తలదాచుకుంటాయి.

ఒకసారి మంత్రిత్వ శాఖలో పెద్దాయన ఆమెని కూర్చోమని చెప్పి, టీ తెప్పించి, న్యాబో, అంటే అమ్మగారూ, అని చాలా మర్యాదగా పిలిచి అడిగాడు.

“న్యాబో, దీంతో ఎవరూ చావట్లేదు కదా?”

“చావడానికి ఇంకో పదేళ్ళు పడుతుంది సెబో. అప్పుడు రమ్మంటారా?”

ఆయన నవ్వాడు. దస్త్రం మాత్రం కదల్లేదు.

ఆమె అడిగింది పెద్ద కోరికేం కాదు. కీళ్ళవాతానికి జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే పాత మందులు ఉన్నాయి. వాటికి తోడుగా ఇంకో మాత్ర కూడా ఇస్తే రోగులు త్వరగా తేరుకుంటారు. పాత మలేరియా మందు క్లోరోక్విన్‌కి దగ్గరి చుట్టం ఆ మాత్ర. బయట కొనుక్కోవచ్చు గానీ, నెలనెలా కొనే స్తోమత పల్లెల్లో ఎవరికీ లేదు. ప్రభుత్వ ఉచిత జాబితాలో చేర్చాలంటే, ఇక్కడి జనానికి పనిచేస్తుందని ఇక్కడే నిరూపించి చూపించమన్నారు. సరే, చూపిస్తానని ఆమె బయల్దేరింది. రోగుల్లో సగం మందికి పాత మందులతో పాటు ఆ మాత్ర, మిగతా సగం మందికి అచ్చం అలాగే కనబడే పిండి మాత్ర. ఎవరిది ఏదో రోగులకీ తెలియదు, నర్సుకీ తెలియదు, ఆమెకీ తెలియదు. కంపాలాలో కూర్చుని లెక్కలు చూసే ఓకెల్లో ఒక్కడికే తెలుసు. ఏడాది తర్వాత రెండు గుంపుల్నీ పోల్చి చూడాలి.

ఇలాంటి పరీక్షలు చాలావరకు మందు పనిచేయక చెడిపోవు. రోగులు మాయమవడంతో చెడిపోతాయి. ఒకరు కూతురి ఊరికి వెళ్ళిపోతారు, ఒకరు వైద్యుణ్ణి మారుస్తారు, ఇంకొకరు కాస్త తగ్గగానే ఇంట్లో కూర్చుంటారు. అందుకని నమూసీసి తెలివిగా ఒక దారి ఎంచుకుంది. బుకయాగా చుట్టుపక్కల మున్నోముకాబి సంఘాల ద్వారా వెళ్ళింది. ఒక ఇంట్లో చావు జరిగితే గిన్నెలు, కట్టెలు, అరటిగెలలు పట్టుకుని ఇరుగుపొరుగంతా దిగిపోయే సంఘాలవి. వాటిలో ఉన్న ఆడవాళ్ళు ఒకరిని ఒకరు వదలరు. ఒకరు రాకపోతే తక్కినవాళ్ళు వెళ్ళి లాక్కొస్తారు.

బుకయాగా సంఘానికి పెద్ద తియోపిస్తా. అరవై దాటిన మనిషి, వేళ్ళన్నీ ఒక పక్కకి వంగిపోయాయి, గొంతు మాత్రం గంటలా ఉంటుంది. అందరూ ఆమెని జజ్జా అంటారు, అంటే అమ్మమ్మ. పరీక్షకి పేర్లిచ్చిన మొదటి రోజే ఆమె తన గుంపునంతా చెట్టు నీడన వరసగా కూర్చోబెట్టి, నమూసీసితో అంది.

“మా దగ్గర ఒక్కత్తె కూడా తప్పిపోదు ముసావో. ఎవతైనా ఎగ్గొడితే ఆమె ఇంట్లో చావొచ్చినప్పుడు మేం గిన్నెలు తీసుకెళ్ళం. చూద్దాం ఎవతె ఎగ్గొడుతుందో!”

ముసావో అంటే ఇక్కడ డాక్టర్. ఆ మాట విని నమూసీసికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంఘంలోనే మరో సంగతి కూడా అందరికీ తెలుసు. ఏదో సంస్థ ఒక వితంతువుకి మేకనిస్తే, ఆ మేక వంతులవారీగా అన్ని ఇళ్ళూ తిరిగింది. ఒకరి ఇంటికి వచ్చింది అందరి మధ్యా పెట్టాలన్నది వాళ్ళ పద్ధతి. నమూసీసి తల్లి కూడా ఇలాంటి సంఘంలోనే ఇరవై ఏళ్ళు గిన్నెలు మోసింది. ఈ పద్ధతి ఆమెకి కొత్తేం కాదు. కానీ మాత్రల గురించి ఆలోచిస్తున్నప్పుడు మేక గుర్తుకు రాలేదు.

పరీక్ష మొదలైంది. నెలనెలా సీసాలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఒక్క మాత్ర మిగల్లేదు, ఒక్కరూ తప్పిపోలేదు. ఇమ్మాక్యులేట్ ఆ ఖాళీ సీసాలని బల్ల మీద వరసగా పేర్చి మురిసిపోయేది.

“ఇంత బుద్ధిమంతుల్ని నా సర్వీసులో చూడలేదు మేడమ్. మా ఆయన రక్తపోటు మాత్రలు కూడా వీళ్ళ చేతికిచ్చి వేయించాలి.”

సగం కాలం గడిచాక ఓకెల్లో తొలి లెక్క చూసి ఫోన్ చేశాడు. అతనిది ఉత్తరాది. ఇక్కడి బగాండావాళ్ళ మర్యాదల మీద వేళాకోళం ఆడకుండా ఒక్క ఫోనూ పెట్టడు.

“డాక్టర్, మోకాళ్ళ మీద కూర్చునే ఆ ప్రశ్న బ్రహ్మాండంగా ఉంది. అందరూ బాగా లేస్తున్నారు.”

“మరి సంతోషించక ఆ గొంతేంటి?”

“అందరూ అన్నాను కదా. రెండు గుంపులూ. ఒకే బోడా మీద ఇద్దరు ఎక్కినట్టు పక్కపక్కనే వెళ్తున్నాయి. మీ మందైనా పని చేయట్లేదు, లేదా ఆ పిండి దివ్యంగా పని చేస్తోంది. ఆ పిండేదో నాకూ కాస్త పంపండి, మా అమ్మకి నడుము నొప్పి.”

ఆమె నవ్వలేదు. ఫోన్ పెట్టేసి చాలాసేపు కిటికీలోంచి మలేరియావాళ్ళ జనరేటర్‌ని చూస్తూ కూర్చుంది. ఇదే మాత్ర పనిచేయడం ఆమె చదువుకున్న రోజుల నుంచీ చూస్తూనే ఉంది. ఇక్కడ ఎందుకు పనిచేయదు? రక్తపు నమూనాలు పాడయ్యాయా? సీసాలు తారుమారయ్యాయా? మొత్తం గొలుసుని మళ్ళీ మొదటి నుంచి వెతికింది. నర్సుని కసిరింది. మందులు తెచ్చే డ్రైవర్‌ని అనుమానించి, అతని ముందే ప్రతి పెట్టెనీ తెరిచి చూసింది. అతను ఆ రోజు నుంచి ఆమెకి గుడ్ మార్నింగ్ చెప్పడం మానేశాడు. ఏమీ దొరకలేదు.

అసలు సంగతి బయటపడింది చావు ఇంట్లో. గొరెట్టి అనే రోగి మామగారు పోయారు. గొరెట్టి భుజాలు నిలబడేలా కుట్టే పొడుగు గోమేసి గౌన్ల దర్జీ. చేతుల కీళ్ళు వాచి రెండేళ్ళుగా కత్తెర పట్టలేక, బేరాలన్నీ ఎదురుకొట్టు అబ్బాయికి పోతున్నాయి. అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకుని పరీక్షలో చేరింది ఆమే. రోగి ఇంట్లో చావుకి వెళ్ళడం డాక్టర్ పని కాదు గానీ, వెళ్ళకపోతే బుకయాగాలో మళ్ళీ మొహం చూపించలేం. నమూసీసి ఇమ్మాక్యులేట్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. మగవాళ్ళ దగ్గర రెండు మాటలు చెప్పి, ఆడవాళ్ళని పలకరించడానికి ఇంటి వెనక అరటితోటలోకి నడిచింది. అక్కడ సంఘమంతా చాపల మీద కూర్చుని మటోకె అరటికాయలు వలుస్తోంది.

తియోపిస్తా ముందు మాత్రం కాయల్లేవు. ఒక అరటాకు, దాని మీద తెల్లటి మాత్రలు, పక్కన చిన్న కత్తి. ఒక్కో మాత్రని సగానికి కోసి రెండు కుప్పలు పోస్తోంది.

“ఏంటవి జజ్జా?”

“మందులే ముసావో. నువ్విచ్చినవే. దొంగసొత్తులా అలా చూస్తావేం?”

“ఎందుకు కోస్తున్నారు?”

“కోయకపోతే పంచడం ఎలా?”

నమూసీసి చాప మీద కూలబడింది. వలుస్తున్న చేతులు ఆగాయి. ఆమెకి బాగాలేదనుకుని ఎవరో నీళ్ళు తెచ్చారు. తాగలేదు.

“ఎప్పటి నుంచి?”

“మొదటి వారం నుంచే” అంది తియోపిస్తా. “పైన తీపి పూత పూసి మమ్మల్ని చంటిపిల్లల్ని చేశావు గానీ, కొరికితే తెలిసిపోయింది. చిన్నప్పుడు మలేరియా వస్తే మా అమ్మ ముక్కు మూసి మింగించిన చేదే. మాత్ర మింగినాక రాత్రంతా ఒళ్ళు గోక్కునేవాళ్ళం. చచ్చేదాకా మరిచిపోతామా ఆ రుచి? నాది చేదు. గొరెట్టిది కొరికి చూస్తే ఉత్త మొక్కజొన్న పోషో పిండి. పాపం, నీళ్ళలో వేసి కలిపితే జావ అయ్యేది.”

రెండు మూడు గొంతులు నవ్వాయి. చావు ఇల్లని గుర్తొచ్చి ఆగాయి.

“ఎవరికీ ఇవ్వొద్దని చెప్పానా లేదా?”

“చెప్పావు. ఇవ్వలేదు కూడా. మొన్న పక్క ఊరి సంఘంవాళ్ళు అడిగితే, మీకొచ్చినవి మీరే పంచుకోండని పొమ్మన్నాం. ఇది మాలో మాకు.”

“జజ్జా, కొందరికి పిండి మాత్రే వస్తుందని మీకు ముందే చెప్పాను. సరేనని వేలిముద్రలు వేశారు.”

“వేశాం. ఎవరికి వస్తుందో ఎవరికీ తెలియదన్నావు కాబట్టి వేశాం. తెలిశాక ఎలా ఊరుకుంటాం? నేను చేదు మింగి లేచి తిరుగుతుంటే, గొరెట్టి పిండి మింగి మూలుగుతుంటే, రేపు దాని ఇంటికి ఏ మొహంతో గిన్నెలు పట్టుకెళ్ళను?”

నమూసీసి అరటాకు వంక చూసింది. రెండు కుప్పలకీ పక్కన ఇంకో వాటా విడిగా కనబడింది.

“పరీక్షలో లేనివాళ్ళకి కూడా ఇస్తున్నారా?”

ఆడవాళ్ళు మళ్ళీ కాయల మీదికి వంగారు. చివరికి గొరెట్టి అంది. “మా అత్తకి. ఆమెకీ మోకాళ్ళ నొప్పులే. ఇవాళ భర్త పోయిన మనిషికి కూడా ఇవ్వొద్దంటావా?”

“ఆమెకి కళ్ళ పరీక్ష చేశానా? గుండె చూశానా? ఆమెకేమైనా అయితే?” నమూసీసి గొంతు పైకి లేచింది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో తొంగి చూశారు. ఆమె గొంతు తగ్గించుకుంది. “నా బుర్ర పనిచేయట్లేదు. మీరంతా కలిసి ఏం చేశారో మీకు తెలుసా?”

“తెలుసు” అంది గొరెట్టి అమాయకంగా. కుడిచెయ్యి చాచి వేళ్ళు మూసి తెరిచింది. పూర్తిగా మూసుకోలేదు గానీ, మూసుకున్నాయి. “సగం తగ్గింది ముసావో. నిన్న రెండు గోమేసీలు కత్తిరించాను.”

ఆ వేళ్ళు చూసి ఆనందపడాలో, నెత్తి కొట్టుకోవాలో నమూసీసికి తెలియలేదు. అందరూ సగం మందు మింగారు, అందరికీ సగం తగ్గింది. అంటే మందు పనిచేస్తున్నట్టే ఉంది. కానీ అది నిరూపించడానికి పనికొచ్చే ఆధారం ఒక్కటి కూడా మిగల్లేదు.

తిరిగి వస్తుంటే కారులో ఇమ్మాక్యులేట్ మెల్లగా కదిపింది.

“మేడమ్, మనం అరటితోటలోకి వెళ్ళలేదనుకుంటే?”

“అనుకుంటే ఏమవుతుందో చెప్పనా? ఏడాది చివర ఓకెల్లో లెక్క కడతాడు. మందూ పిండీ ఒకటేనని తేలుతుంది. అది అచ్చవుతుంది. ఆ తర్వాత ఈ మాత్ర పేరెత్తితే మంత్రిత్వ శాఖవాళ్ళు నా వ్యాసమే నా మొహాన కొడతారు.”

“చెప్తే?”

“చెప్తే పరీక్ష మూసేస్తారు. మందు బతికి ఉంటుంది, నేను చస్తాను.”

మర్నాడే కమిటీకి చెప్పింది. వాళ్ళు పరీక్ష మూసేశారు. మిగిలిన సీసాలన్నీ వెనక్కి తీసుకురమ్మన్నారు. ఆ పనికి నర్సుని పంపకుండా ఆమే వెళ్ళింది. గొరెట్టి అత్తగారికి గుండె, కళ్ళు పరీక్ష చేయించింది. ఏమీ కాలేదు. ఆడవాళ్ళు సీసాలు తెచ్చి ఆమె చేతికిస్తూ, ఇక్కడి పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుని ఇచ్చారు. ఒక్కరు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదని ఆమెకి అనిపించింది. ఉచిత జాబితాకి ఆ ఏడాది గడువు దాటిపోయింది. పెద్దాయన మళ్ళీ టీ తెప్పించాడు. “వచ్చే ఏడాది చూద్దాం న్యాబో” అన్నాడు.

వర్షాలయ్యాక గొరెట్టి వేళ్ళు మళ్ళీ వాచాయి.

నమూసీసి కొత్త పద్ధతి రాసింది. ఈసారి పిండి మాత్రలే లేవు. మనుషుల్ని విడదీయడం కుదరదు కాబట్టి సంఘాల్నే విడదీస్తుంది. ఒక్కో సంఘానికి ఒక్కో వంతు. మొదటి సంఘం ముందు మొదలుపెడుతుంది, కొన్ని నెలల తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. మందు అందుకున్నవాళ్ళని, వంతు కోసం ఆగినవాళ్ళని పోల్చి చూస్తుంది. అందరికీ చివరికి అందుతుంది. ఓకెల్లో మెచ్చుకున్నాడు. కమిటీ గొణుక్కుంటూ, స్నానాల తొట్టి ప్రశ్న ఉందో లేదో చూసుకుని, సంఘాలు ఒప్పుకుంటే సరేనంది.

చీటీలు తీసింది తియోపిస్తా ఇంటి ముందు. సంఘాల పెద్దలందరూ వచ్చారు. టీ, ఉడికించిన చిలగడదుంపలు పెట్టారు. నమూసీసి ప్రతి మాటా రెండుసార్లు చెప్పింది. వంతు రానివాళ్ళు వంతు వచ్చినవాళ్ళ దగ్గర ఒక్క ముక్క కూడా తీసుకోకూడదు. వచ్చినవాళ్ళు ఇవ్వనూ కూడదు. అందరూ తలలూపారు. ఇమ్మాక్యులేట్ బుట్ట పట్టుకుంది. మొదటి చీటీ లుకాయావైపు సంఘానికి వచ్చింది. బుకయాగా చీటీ అట్టడుగున మిగిలింది.

తియోపిస్తా ఆ చీటీని వంకర వేళ్ళతో తిప్పి చూసి, ఏమాత్రం బాధపడకుండా బుట్టలో వేసింది.

“ఫరవాలేదు ముసావో. మా నడిపి కూతుర్ని ఇచ్చింది లుకాయావైపే.”

“జజ్జా!”

“అడగను. ప్రాణం పోయినా అడగను. నీకు మాటిచ్చాను. అదే మా మీద జాలిపడి తెచ్చిందనుకో, కూతురి మొహాన తలుపు వేసుకోనా?”

లుకాయా సంఘం పెద్ద కూడా నవ్వుతోంది. నమూసీసి ఇమ్మాక్యులేట్ వైపు తిరిగి, పళ్ళు బిగబట్టి అంది.

“ఈ జాబితా చింపెయ్. మధ్యలో సరస్సు ఉన్న ఊళ్ళు చూడు. సెసే దీవులు. పడవ లేకుండా ఒకరింటికొకరు వెళ్ళలేని చోటు.”

“దీవుల్లోనా?” అంది వెనక నుంచి ఒకామె ఉత్సాహంగా. “మా ఆడబిడ్డ అక్కడే చేపలెండబెడుతుంది. వారం వారం వస్తుంది.”

ఈసారి అందరూ పగలబడి నవ్వారు. ఇమ్మాక్యులేట్ కూడా. నమూసీసి నవ్వలేదు. చీటీల బుట్ట తీసుకుని, జాబితా చింపకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది. దీవులంటే మళ్ళీ కమిటీ, మళ్ళీ అనుమతి, మళ్ళీ ఏడాదిన్నర.

బయల్దేరుతుంటే గొరెట్టి కారు దాకా వచ్చింది.

“చివరి వంతు అంటే ఎప్పటికి ముసావో? బడులు తెరిచేలోపా? యూనిఫాంల బేరం ఉంది. చేతులు కాస్త బావుంటే ఒప్పుకుంటాను.”

“తెలీదమ్మా. అసలు మొదలవుతుందో లేదో కూడా తెలీదు.”

“మరి ఆ బేరం ఎదురుకొట్టు అబ్బాయిని తీసుకోమని చెప్పనా?”

“చెప్పు” అంది నమూసీసి.

గొరెట్టి సరేనంది. వీడ్కోలు చెప్పడానికి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. లేవబోయి ఆగింది. ఒక అరచెయ్యి నేలకి ఆనించింది, చాలక రెండోదీ ఆనించింది. అలవాటు కొద్దీ నమూసీసి చెయ్యెత్తి తన గడియారం వైపు చూసింది. తర్వాత చెయ్యి దించేసి, ఆమెని లేపడానికి వంగింది.